సున్నా వెనక ఎవరున్నారు

స్టేడియం వెనక ఇల్లు
వేసవి చివరి ఆదివారం

ఒసే చీమా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం కోపం కాదు, మోకాలు. కొత్త ఫుట్‌బాల్ రిఫరీలకి శిక్షణ మొదలైంది. విజిల్ ఊదడం తప్ప మిగతావన్నీ తెలుసనుకునే బ్యాచ్ ఇది. నిన్న ఒకావిడ ఆఫ్‌సైడ్ ఇచ్చింది. ఎందుకిచ్చావంటే "అలా అనిపించింది మేడం" అంది. ఎలా అనిపించాలో చూపిద్దామని నేను పరిగెత్తాను. ఆ కాలిప్పుడు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాను.

అసలు సంగతికొస్తాను. వాన ఎప్పుడు పడుతుందో లెక్కలు కట్టి చెప్పే కంపెనీ వాళ్లు నిన్ను రమ్మన్నారు. చలికాలం మొదలయ్యేదాకా నీ జవాబు కోసం ఆగుతామన్నారు కూడా. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరు చేస్తారు? నువ్వేమో ఎవరో ప్రొఫెసరు పెద్దాయన దగ్గర పరీక్షగా ఓ లెక్క చేస్తానంటున్నావు. అది నచ్చితే ఆయన నిన్ను చేర్చుకుంటాడు. చేర్చుకుంటే అయిదారేళ్లు థియరీ అంటూ కాగితాల్లో మునిగిపోతావు. తేలాక ఉద్యోగముంటుందా అంటే ఆయనా చెప్పలేడు, నువ్వూ చెప్పలేవు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత నీకోసమే పుట్టినట్టుంది.

రేపు వాన పడుతుందని చెప్పావనుకో, ఊరంతా గొడుగు పట్టుకుని బయల్దేరుతుంది. అణువుల సంగతి చెప్తే ఎవరేం పట్టుకోవాలే? కంపెనీలో చేరు. భౌతికశాస్త్రం ఎక్కడికీ పోదు, ఆదివారాలు చదువుకో.

ఇది నా సొంత అభిప్రాయం. మీ నాన్న కులాసా, మందుల షాపుకి కొత్త రంగు వేయించాడు.

మీ అత్త


మేడ మీది గది
తొలి వానల రోజులు

అత్తా,

స్టూలు మీంచి కాలు దించకు. ఆ రిఫరీ ఎవరో గానీ ఆవిడ మీద నాకు జాలిగా ఉంది, ఎందుకంటే నా పరిస్థితీ అదే. ఇక్కడ "అలా అనిపించింది" అంటే బోర్డు దగ్గరనుంచి పంపించేస్తారు.

మేం పనిచేసే గది ఎలా ఉంటుందో చెప్తాను. నాలుగో అంతస్తు, మూడు వైపులా నల్లబోర్డులు, నాలుగో వైపు కిటికీ. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు కాగితం లేకుండా బోర్డు ముందు నిలబడి తమ పని చెప్పాలి. ఎవరైనా ఎక్కడైనా ఆపొచ్చు. మాట్లాడేవాళ్లు ఎంత ఏడిచినా చివర్లో తమ బోర్డు తామే తుడుచుకుని దిగాలి, అది ఈ గది పద్ధతి. పెద్దాయన ముందు వరుసలో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. నిద్రపోతున్నాడనుకుని తప్పు దాటేద్దామని చూసినవాళ్లంతా అక్కడే పట్టుబడ్డారు. ముప్పై నాలుగేళ్ల వయసున్న సీనియర్ ఒకాయన ఉన్నాడు, మేమంతా వేదాంతి అంటాం. ఈ గదిలోనే ఇది ఆయనకి మూడో తాత్కాలిక ఉద్యోగం. నీ ఉత్తరం చదివాక ఆయన చొక్కా కాలరు చిరిగి ఉండటం నా కంటపడింది. అంతకు ముందెప్పుడూ చూడలేదు. నీ మాట పనిచేస్తోందని దీన్నిబట్టి తెలుసుకో.

నా లెక్క ఏమిటంటే, ఒక రకం స్ఫటికం ఉంది. దానిలోంచి కాంతి వెళ్తే రవ్వంత మెలి తిరిగి బయటికి రావాలని అందరూ అంటారు. బేస్‌మెంటులో ప్రయోగాలు చేసే అక్క ఒకావిడ నాలుగేళ్లుగా ఆ మెలిక కోసం వెతుకుతోంది, కనబడలేదు. ఆమె యంత్రం చాలినంత సున్నితంగా లేదని అందరి నమ్మకం. మెలిక ఎంత చిన్నదో లెక్కగట్టి చెప్తే యంత్రం ఎంత బాగుపడాలో తెలుస్తుంది కదా, అదీ నా పని. తేలిగ్గానే ఉంటుంది, కాకపోతే వందకు పైగా ముక్కలు విడివిడిగా కట్టి కలపాలి.

పొద్దున్నే పెన్సిలు చెక్కుకుని కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పుడైందో తెలియదత్తా. ఇది సుఖమో రోగమో నువ్వే చెప్పాలి.

నీ చీమ


స్టేడియం వెనక ఇల్లు
వాన తెరిపిచ్చిన రోజు

చీమా,

రోగమే. మాకూ ఉండేది. నేను విజిల్ పట్టిన కొత్తలో ఇంటికొచ్చి పప్పుగుత్తితో ఫౌల్ చూపించేదాన్ని.

అయినా నా మాట మారలేదు. మూడో తాత్కాలిక ఉద్యోగం అని ఎంత తేలిగ్గా రాశావు. ఆ కాలరు కుట్టించుకోవడానికి ఆయనకి తీరిక లేదా, మనసు లేదా అని ఆలోచించావా? నీకు ముప్పై నాలుగేళ్లొచ్చేసరికి ఏ ఊళ్లో ఏ గదిలో ఉంటావో ఎవరు చెప్పగలరు? గోడ మీద పిల్లిలా కూర్చోకు, ఎటో ఒకవైపు దూకు. నన్నడిగితే గడ్డి మెత్తగా ఉన్నవైపు దూకమంటాను.

తడిసిన జుట్టుతో లెక్కలు చెయ్యకు, జలుబు చేస్తుంది.

మీ అత్త


మేడ మీది గది
చలి మొదలవుతోంది

అత్తయ్య గారికి,

కులాసా అని తలుస్తాను. నేనూ కులాసాయే.

లెక్క పూర్తయింది. జవాబు సున్నా. చిన్న సంఖ్య కాదు, సున్నా. మొదట నా తప్పే అనుకుని మళ్లీ చేశాను, వేరే దారిలో ఇంకోసారి చేశాను. ప్రతి ముక్కకీ విలువ ఉంది, అన్నీ కలిపితే ఏమీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, నాకు ఎలుకైనా దొరకలేదు.

శుక్రవారం బోర్డు మీద చెప్పాను. గదిలో ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దాయన కళ్లు తెరిచి, "ఓహో" అన్నాడు. తర్వాత లేచొచ్చి నా చేతిలో డస్టరు తీసుకుని నా బోర్డంతా ఆయనే తుడిచేశాడు, మూలలతో సహా. తుడిచి, చెయ్యి దులుపుకుని వెళ్లిపోయాడు. తమ బోర్డు తామే తుడుచుకునే గదిలో ఆ గౌరవం కూడా నాకు దక్కలేదు.

నువ్వు చెప్పిందే సబబని ఇప్పుడు అర్థమవుతోంది. కంపెనీ విషయం ఆలోచిస్తున్నాను. నాన్నకి నేను ఫోన్ చేస్తానని చెప్పు.

ఉంటాను.


స్టేడియం వెనక ఇల్లు
నీ ఉత్తరం అందిన రోజే

ఒసే,

ఎవరే ఈ అత్తయ్య గారు? ఆవిడెవరో నాకు తెలీదు, నాకు తెలిసిన చీమకే రాస్తున్నాను.

ముందు నా లెక్క తేల్చుకోనీ. వేసవిలో నేను రాసిన ఉత్తరం నా సొంత అభిప్రాయమన్నాను చూడు, అది అబద్ధం. మీ నాన్న ఇంటికొచ్చి, "అక్కా, దాన్ని కంపెనీలో చేరమని నువ్వు రాయి, నీ మాట వింటుంది" అన్నాడు. సరేనన్నాను. విజిల్ చేతిలో పట్టుకుని ఒక జట్టు తరఫున ఆడాను. ఇంకో రిఫరీ ఇలా చేస్తే నేనే పట్టుకుని బయటికి పంపేదాన్ని.

వాడిదీ తప్పనలేను. షాపు పెట్టకముందు వాడు ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద మందులిచ్చేవాడు. ఏడాది చివర్లో పొడిగిస్తారో లేదోనని ప్రతిసారీ వాడికి తిండి సహించేది కాదు. నువ్వప్పుడు చిన్నదానివి, నీకు తెలియనివ్వలేదు. ఆ బతుకు నీకొద్దని వాడి బాధ. అది మొహాన చెప్పలేక నన్ను పంపాడు. మన ఇంట్లో ఇదో జబ్బు.

ఇవాళ్టి నుంచి నేను ఎవరి జట్టూ కాదు.

ఇక నీ సున్నా సంగతి. నాకు లెక్కలు రావు, కానీ సున్నాలు బాగా తెలుసు. సున్నా-సున్నాతో ముగిసిన ఆటలు నేను బోలెడు ఆడించాను. జనం తిట్టుకుంటూ ఇళ్లకి పోతారు, ఏమీ జరగలేదంటారు. మధ్యలో నిలబడ్డ నాకు తెలుసు ఏం జరిగిందో. రెండు వైపులా గోల్ కొట్టగల మనుషులుండి, ఆటంతా పరుగులు పెట్టి, ఒక్కటీ పడలేదంటే ఎవరో గట్టిగా అడ్డం నిలబడ్డారన్నమాట. ఒకటి రెండు తప్పిపోతే అదృష్టం. అన్నీ తప్పిపోతే ఎవడో ఉన్నాడు అక్కడ.

నీ వంద ముక్కలూ వాటంతటవే మంచితనంగా కొట్టుకుపోయాయా? నువ్వొకసారి తిరిగి చూడు. చూడబుద్ధి కాకపోతే మానెయ్. అంతేగానీ నన్ను గారు అనకు, నాకు ఏడుపొస్తుంది.

నీ అత్త


నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఎండ కాస్తోంది

అత్తా, అత్తా,

క్యాంటీన్‌లో భోజనం ముందు పెట్టుకుని నీ ఉత్తరం విప్పాను. నాన్న సంగతి చదివి కోపమొచ్చింది. ఆస్పత్రి సంగతి చదివి ఏడుపొచ్చింది. ఆ తర్వాత "ఎవడో ఉన్నాడు అక్కడ" అన్న దగ్గర ఆగిపోయి, కంచం అక్కడే వదిలేసి పైకొచ్చేశాను. కంచం తీసే ఆవిడ ఇప్పటికీ నన్ను చూసి ముఖం తిప్పుకుంటోంది.

నేను ఇంతకాలం ముక్కల్ని కూడుతూ వచ్చానే గాని, ఏది దేన్ని కొట్టేస్తోందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నం కూడిక మానేసి జతలు వెతికాను. స్ఫటికంలో పొరలుంటాయి, నా ముక్క ఒక్కోటి ఒక్కో పొర లెక్క. ప్రతి పొరా కాంతిని కాస్త మెలితిప్పుతుంది. ఆ మెలికని విప్పే పొర కూడా ఉంది, కానీ పక్కన లేదు. ఎక్కడో దూరంగా, తిరగేసి, తలకిందులుగా పెట్టి ఉంది. పక్కపక్కన వెతికినవాళ్లెవరికీ కనబడకపోవడం అందుకే. ఒక్క జత పట్టుకున్నాక మిగతావన్నీ బారులు తీరి వచ్చాయి. ప్రతి ముక్కకీ ఓ మొగుడున్నాడు అత్తా. సున్నా పొరపాటు కాదు, దాని వెనక ఒక నియమం ఉంది. ఆ నియమం ఉన్నంతకాలం మెలిక రమ్మన్నా రాదు.

పెన్సిలు కింద పెట్టేశాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడి కింద సైకిళ్లు పోతుంటే చూశాను. ఈ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసనుకుంటే గర్వంగా ఉంది, భయంగానూ ఉంది.

వేదాంతికి చెప్పాను. పూర్తిగా విని, "మరి పెద్దాయనకి చెప్పవా?" అన్నాడు. "ఆయన నా బోర్డు తుడిచేశాడు కదా" అన్నాను. వేదాంతి అరగంట నవ్వాడు. పెద్దాయన ఊరికే ఎవరి బోర్డూ తుడవడట. ఆ లెక్కని అదే చోట తన చేత్తో మళ్లీ మొదలుపెట్టాలనుకుంటేనే తుడుస్తాడట. పదేళ్లలో వేదాంతి అది చూడటం రెండోసారి. ఈ గదిలో అంతకంటే పెద్ద మెప్పు లేదట. నేనేమో దాన్ని మెడపట్టి గెంటడం అనుకుని, అడగడానికి సిగ్గుపడి, పెద్దాయనని చూస్తే మెట్ల మీంచి దారి మార్చుకుంటూ తిరిగాను.

ఇప్పుడు నీకు చెప్పనిది చెప్తాను. నేను "ఆలోచిస్తున్నాను" అని రాసేసరికే కంపెనీకి ఫోన్లో వస్తానని మాటిచ్చేశాను. వచ్చే నెల చేరాలి. వాళ్లు సంతోషించారు. మంచి మనుషులు. ఇప్పుడు మింగలేను, కక్కలేను.

వచ్చే శుక్రవారం మళ్లీ బోర్డెక్కుతున్నాను. బేస్‌మెంట్ అక్కని కూడా పిలిచారు. నాలుగేళ్లు వెతికినది అసలు లేదని ఆవిడ మొహం మీద చెప్పాలి. నన్నేం చెయ్యమంటావు? కంపెనీయా, ఇదా? నువ్వు ఏదంటే అదే చేస్తాను.

నీ చీమ


స్టేడియం వెనక ఇల్లు
పోస్టు డబ్బా తియ్యకముందే వెయ్యాలి

చీమా,

నువ్వు ఏదంటే అదే అన్నావు చూడు, దానికి పసుపు కార్డు. రిఫరీ బంతి తన్నదు. ఒకసారి తన్ని చూశాను, నీకు తెలుసు.

శుక్రవారం గురించి మాత్రం చెప్తాను. జనం అరుస్తారనుకున్న నిర్ణయాన్ని గట్టిగా, త్వరగా, కళ్లలోకి చూస్తూ ఇవ్వాలి. నసిగితే మీద పడతారు. ఆ అక్క వైపు తిరిగి చెప్పు, బోర్డుకి చెప్పకు.

మాటిచ్చిన సంగతి వేరే. మాట తప్పడం మంచిది కాదు. ఇష్టం లేని చోట ముప్పై ఏళ్లు మాట నిలబెట్టుకోవడం అంతకంటే మంచిది కాదు. ఏది చేసినా ఆ కంపెనీ వాళ్లకి నువ్వే వెళ్లి చెప్పు, ఫోన్లో కాదు. ఇంకొకరి చేత మాత్రం చెప్పించకు, మన ఇంటి జబ్బు నీతో ఆగిపోవాలి.

తాడో పేడో తేలాక రాయి.

నీ అత్త


నాలుగో అంతస్తు
శుక్రవారం అయిపోయాక, శనివారం పొద్దున

అత్తా,

చెప్పాను. అక్క కళ్లలోకి చూస్తూనే చెప్పాను.

పెద్దాయన కళ్లు మొదట్నుంచీ తెరిచే ఉన్నాయి. మూడు చోట్ల ఆపాడు. రెండుచోట్ల జవాబు నా దగ్గరుంది. మూడోచోట తెలియదన్నాను, "నాకూ తెలియదు, కానివ్వు" అన్నాడు. జతలన్నీ గీసి, చివర్లో ఇక మెలిక ఉండే వీలే లేదని చెప్పి ఆగాను. యంత్రం ఎంత సున్నితంగా చేసినా సున్నాయే కనబడుతుందని అన్నాను.

అక్క లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. "నాలుగేళ్లు" అంది. మళ్లీ కూర్చుంది. రెండు చేతులూ ముందు పెట్టుకుని వాటివైపే చూస్తూ, "నాలుగేళ్లుగా నా చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. అద్దాలు మార్చాను, తీగలు మార్చాను, సాయంగా ఉన్న మనుషుల్ని మార్చాను. అంటే నా యంత్రం నిజమే చెప్తోందా?" అంది. నిజమే చెప్తోందన్నాను. అక్క నవ్వడం మొదలుపెట్టింది, కళ్లెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. తర్వాత వచ్చి నన్ను పట్టుకుంది. నా చేతుల నిండా సుద్ద, ఆవిడ చొక్కా నిండా సుద్ద.

నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, అంతే. దానితో ఒక మనిషి నాలుగేళ్ల బరువు దిగిపోయింది. ఇలాంటిది ఇంకోసారి చెయ్యగలనో లేదో నాకు తెలియదు. చెయ్యడానికి ప్రయత్నించకుండా బతకలేనని మాత్రం అక్కడే తెలిసిపోయింది.

ఇంకొకటి ఉంది. ఆ పొరల జతలు కుదరడం స్ఫటికాన్ని ఎవరూ కదపనప్పటి మాట. ఒక పక్కనుంచి నొక్కితే జతలు చెదరాలి. అప్పుడు మెలిక బయటపడాలి. అడ్డంగా నొక్కితే కుడికి, నిలువుగా నొక్కితే ఎడమకి. ఇది కూడా చెప్పాను. అక్క కన్నీళ్లు తుడుచుకుని, "నొక్కడానికి మర బిగించాలి, టైం పడుతుంది" అని అప్పుడే లెక్కలేసుకుంటూ మెట్లు దిగిపోయింది.

మర బిగించేదాకా నేను ఆగలేదు. ఆ సాయంత్రమే కంపెనీకి వెళ్లాను. మెలిక రాకపోయినా నేను ఇటే వస్తాను కాబట్టి, అది చూశాక నిర్ణయించుకున్నట్టు ఉండకూడదనిపించింది. నన్ను తీసుకున్న ఆవిడకి అంతా చెప్పి క్షమించమన్నాను. ఆవిడ బాధపడింది, దాచుకోలేదు. అయినా "నీ జతల సంగతి కాస్త మళ్లీ చెప్పు" అని అడిగింది. ఆవిడ టీ చల్లారిపోయింది.

పెద్దాయన చేర్చుకున్నాడు. ఇక నాన్నకి చెప్పాలి, నేనే చెప్తాను. వేదాంతి బతుకు నాది కావచ్చని నాకు తెలుసత్తా. కాలరు చిరిగితే కుట్టుకోవడం నేర్చుకుంటాను.

నీ చీమ


స్టేడియం వెనక ఇల్లు
చలి బాగా ఉంది

చీమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నా రిఫరీలకి కూడా చదివి వినిపించాను. వాళ్లకి భౌతికశాస్త్రం అర్థం కాలేదు గాని, అక్క నవ్విన చోట ఒకావిడ కళ్లొత్తుకుంది. అదే ఆఫ్‌సైడ్ ఆవిడ. ఇప్పుడు బాగా ఇస్తోందిలే.

నువ్వు ఫోన్లో చెప్పాక మీ నాన్న ఇక్కడికొచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, "అక్కా, అది నా మాట వినలేదు" అన్నాడు. "నీ మాట నువ్వెప్పుడు చెప్పావురా, నా చేత చెప్పించావు" అన్నాను. తర్వాత, అసలు అది ఏం కనిపెట్టిందని అడిగాడు. నాకు తెలిసినంతవరకు స్ఫటికాన్ని నొక్కితే ఏదో తిరుగుతుందని చెప్పాను. "తిరిగిందా?" అన్నాడు. ఇంకా చూడలేదటరా అన్నాను. "చూడకుండానే ఉద్యోగం వదిలేసిందా?" అని తల పట్టుకున్నాడు.

నిన్న షాపు మూసి బయల్దేరాడు. నచ్చజెప్పి వెనక్కి తీసుకొస్తానన్నాడు. నేను ఆపలేదు. ఏం జరుగుతుందో నాకు తెలియదు గాని, నాకు నువ్వంటే గర్వంగా ఉందే. రిఫరీలు ఈ మాట ఎవరితోనూ అనకూడదు, నేను అంటున్నాను.

నీ అత్త


బేస్‌మెంటు
వెంటనే

అత్తా,

నాన్న వచ్చిన పొద్దుటే అక్క మర బిగించడం పూర్తయింది. ఆయన్ని స్టేషన్ నుంచి నేనుండే గదికి తీసుకెళ్లాను. మంచం చూశాడు, కిటికీ చూశాడు. ఆస్పత్రి రోజుల సంగతి మొదటిసారి తన నోటితో నాకు చెప్పాడు. "నీకీ గతి వద్దనే నా ఏడుపంతా" అన్నాడు. నేను వాదించలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అంతలో అక్క మనిషిని పంపింది, రమ్మని. నాన్నని గదిలో వదలబుద్ధి కాక వెంట తీసుకెళ్లాను.

బేస్‌మెంటులో దీపాలు తగ్గించి ఉన్నాయి. తెర మీద సన్నటి గీత ఒకటి నిటారుగా నిలబడి ఉంది, నాలుగేళ్లుగా నిలబడినట్టే. పెద్దాయన ఉన్నాడు, వేదాంతి ఉన్నాడు. అక్క చేతులు వణుకుతున్నాయి, మర తిప్పలేకపోతోంది. నావీ వణుకుతున్నాయి. అక్క చుట్టూ చూసి, నాన్నవి మందులు తూచే చేతులని నేను వస్తూనే చెప్పాను కదా, "మీరు తిప్పండి బాబాయ్, మెల్లిగా" అంది.

నాన్న కళ్లజోడు సర్దుకుని మర పట్టుకున్నాడు. ఇటు అడ్డంగా నొక్కుతుందని అక్క చెప్పింది. తిప్పాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త తిప్పాడు. గీత కుడికి ఒరిగింది.

అక్క నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగాయి. పెద్దాయన తెర దగ్గరికి వెళ్లి చిన్నపిల్లాడిలా ముక్కు ఆనించి చూశాడు. నేను ఏడుస్తున్నానని వేదాంతి చెప్పేదాకా నాకు తెలియదు. అత్తా, నేను కాగితం మీద రాశాను, అది విన్నది.

నాన్న మర తిరిగి వదులు చేశాడు, గీత వెనక్కి వచ్చి నిటారుగా నిలబడింది. ఆయన తెర వంక చూసి, నా వంక చూశాడు. "ఇది ఇటే పోతుందని నీకు ముందే తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "రెండోవైపు నొక్కితే?"

"ఎడమకి పోతుంది నాన్నా."

నమ్మలేదు. అక్కని అడిగి రెండో మర పట్టుకుని, నా మొహంలోకే చూస్తూ తిప్పాడు. గీత ఎడమకి పోయింది. తల తిప్పి దాన్ని చూశాడు. నన్ను వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చిన మాట అప్పటికి ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు. రెండు చేతులూ రెండు మరల మీద పెట్టి, "ఏదీ, రెండూ కలిపి తిప్పితే ఏమవుతుందో చెప్పు" అన్నాడు.

అది నేను లెక్క కట్టలేదత్తా. కట్టి చెప్తానన్నాను. "ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు. ఏళ్లు పట్టొచ్చన్నాను.

"సరే, కట్టు" అన్నాడు నాన్న.

నీ చీమ